రోజూ నడుస్తున్నాను, అయినా లేవలేకపోతున్నాను

ప్రశ్న: నాకు 68 ఏళ్లు. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ మాస్టారుగా పనిచేసి రిటైరయ్యాను. తెనాలి దగ్గర పల్లెటూళ్లో నేనూ, మా ఆవిడా ఉంటాం. పన్నెండేళ్లుగా షుగరు ఉంది. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వేసుకుంటున్నాను. రోజూ పొద్దున్నే కాలవ గట్టు మీద 4 కిలోమీటర్లు నడుస్తాను, ఏనాడూ మానలేదు. షుగరు కోసమని అన్నం, దాంతో పాటు పప్పూ బాగా తగ్గించాను. రోజూ ఏం తింటున్నానో ఉత్తరం చివర విడిగా రాశాను. ఏడాదిలో 64 కిలోల నుంచి 58కి వచ్చాను, చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. మొన్న వానాకాలంలో జ్వరం వచ్చి 11 రోజులు మంచం మీదే ఉన్నాను. అప్పట్నుంచీ కాళ్లలో సత్తువ లేదు. మనవరాలి పేరున సత్యనారాయణ వ్రతం చేసుకుంటే, పీట మీంచి హారతికి లేవలేకపోయాను. మా బావమరిదీ, అల్లుడూ చెరో రెక్కా పట్టుకుని లేపారు. అందరి ముందూ సిగ్గుతో చచ్చిపోయాను. పోయిన వారం బస్సెక్కుతుంటే రెండో కాలు మెట్టు మీద పెట్టేలోగా బస్సు కదిలింది. కమ్మీ దొరకబట్టి సరిపోయింది. అమెరికాలో ఉన్న మా అమ్మాయి బరువులెత్తే వ్యాయామం చెయ్యమంటోంది, ప్రొటీన్ పౌడరు డబ్బా కూడా పంపింది. మా ఆవిడేమో ‘ఈ వయసులో బరువులేంటి, నడుం పట్టేస్తే ఎవరు చూస్తారు’ అంటోంది. ఇది వయసు ప్రభావమేనా? బరువులెత్తవచ్చా? పౌడరు తాగితే కిడ్నీలు పోతాయా?

జవాబు: మాస్టారూ, నమస్కారం. మీరు ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పిన పాఠంలోనే మీ ప్రశ్నకు జవాబు ఉంది, అక్కణ్ణించే మొదలుపెడతాను. తొమ్మిదో తరగతి పిల్లలకు బలం వేరు, సామర్థ్యం వేరు అని ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటారు! బలాన్ని వేగంతో గుణిస్తే సామర్థ్యం. చేసిన పనిని పట్టిన కాలంతో భాగించినా అదే.

ఇప్పుడు మీ లెక్కే చేద్దాం. మీ బరువు 58 కిలోలు. కుర్చీలోంచి లేచినప్పుడు ఒళ్లు ఉజ్జాయింపుగా 40 సెంటీమీటర్లు పైకి వెళుతుందనుకోండి. 58ని 9.8తోనూ, 0.4తోనూ గుణిస్తే సుమారు 227 జౌల్స్ పని. ఒక్క సెకనులో లేస్తే 227 వాట్లు. చేతులు ఆనించి, ముందుకీ వెనక్కీ ఊగి, మూడు సెకన్లలో లేస్తే 76 వాట్లు. పని అదే, మనిషీ అతనే. మీకు తగ్గింది ఈ వాట్లు. కాలవ గట్టు మీద నడవడానికి వాట్లు పెద్దగా అక్కర్లేదు కాబట్టి నడుస్తూనే ఉన్నారు. పీట మీంచి లేవడానికీ, బస్సు మెట్టెక్కడానికీ కావాలి. అందుకే లోటు అక్కడ బయటపడింది.

కాలు తట్టుకున్నప్పుడైతే ఇంకా ఎక్కువ కావాలి. రాయి తగిలి ముందుకు తూలితే, రెప్పపాటులో రెండో కాలు ముందుకు వేసి ఒళ్లంతా దాని మీద ఆపాలి. కాలికి ఎంత బలం ఉన్నా, అది ఆ రెప్పపాటులో అందకపోతే పడిపోతాం. ఈ వయసులో పడి తుంటి ఎముక విరిగితే మళ్లీ పాత నడక రావడం చాలామందికి కష్టమవుతుంది. పాతికేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్న నాకు ఎక్కువగా తారసపడే దుఃఖం అదే. అందుకే మీ బస్సు సంగతి చదివి భయపడ్డాను.

ఇది వయసేనా అని అడిగారు. కొంత వయసే. మన కండలో రెండు రకాల పోగులు ఉంటాయి. ఒకటి నెమ్మదిగా, అలసట లేకుండా పనిచేసేది. నడకా, నిలబడటమూ దాని పని. రెండోది గబుక్కున, గట్టిగా లాగేది. దానికి పెద్ద పని పడితేనే మెదడు పిలుస్తుంది. వయసు పెరిగేకొద్దీ వెన్నుపాములో ఈ వేగపు పోగుల్ని నడిపే నరకణాలు కొన్ని చచ్చిపోతాయి. దిక్కులేనివైన పోగుల్లో కొన్నిటిని పక్కనున్న నెమ్మది నరం చేరదీస్తుంది, అవి దాని పద్ధతే నేర్చుకుంటాయి. ఎవరూ చేరదీయనివి ఎండిపోతాయి. అందువల్ల కండ తగ్గేదానికంటే బలం త్వరగా తగ్గుతుంది, బలం కంటే ముందే, ఇంకా త్వరగా సామర్థ్యం తగ్గుతుంది. వయసుతో ఇలా కండ తగ్గడానికి 1988లో ఇర్విన్ రోజెన్‌బర్గ్ అనే అమెరికా శాస్త్రవేత్త సార్కోపీనియా అని పేరు పెట్టారు. గ్రీకులో ఆ మాటకు కండ కరువు అని అర్థం చెప్పుకోవచ్చు. 2016లో అమెరికా దీనికి జబ్బుల జాబితాలో విడిగా ఒక సంఖ్య ఇచ్చింది. ముసలితనం అని సరిపెట్టుకునే దాన్ని పరీక్షించి, వైద్యం చెయ్యదగ్గ జబ్బుగా చూడటం అప్పటినుంచి పెరిగింది.

మీ విషయంలో వయసుకు తోడు మరో రెండు జరిగాయి. ఒకటి, ఆ 11 రోజుల మంచం. ఆరోగ్యంగా ఉన్న 12 మంది పెద్దవాళ్లను, సగటున 67 ఏళ్లవాళ్లను, పది రోజులు మంచం మీదే ఉంచి చూసిన పరిశోధన 2007లో వచ్చింది. పది రోజుల్లో ఒక్క కాళ్లలోనే దాదాపు కిలో కండ పోయింది. వాళ్లకు జ్వరం లేదు, తిండి తగ్గలేదు. మీకు జ్వరమూ ఉంది, తిండీ సరిగ్గా లోపలికి పోయి ఉండదు. కుర్రవాడికి పది రోజుల్లో పోయినది మళ్లీ ఆటల్లో పడితే తిరిగొస్తుంది. అరవై దాటినవాళ్లకు ఉత్త నడకతో రాదు.

ఈ మంచం సంగతి నాకు మా నాన్నగారి దగ్గర తెలిసొచ్చింది. ఆయనకు న్యుమోనియా వచ్చి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నారు. అప్పటికి నేనింకా చదువుకుంటున్నాను. ఇంటికి తెచ్చాక అమ్మా, నేనూ పోటీపడి చేశాం. మంచినీళ్లు మంచం దగ్గరికే, కంచం మంచం మీదికే, లేవబోతే ‘పడుకోండి నాన్నా, నేను తెస్తాగా’ అనేదాన్ని. నెల తర్వాత ఒకరోజు ఆయన గోడకు ఆనుకుని పంచె కట్టుకుంటుంటే పిక్కలు చూశాను. నలభై ఏళ్లు సైకిలు తొక్కిన కాళ్లు, తొక్కుడుకి గట్టిపడి గుండ్రంగా ఉండేవి. చర్మం సంచిలా వేలాడుతోంది, లోపల ఏమీ లేదు. జ్వరం తీసుకెళ్లింది కొంత. మిగతాది మా ప్రేమ తీసుకెళ్లింది. అందుకని మీ ఆవిడకు, అమ్మగారికి, నా మనవి. మీరు దగ్గరుండండి, చెయ్యి అందించడానికి సిద్ధంగా ఉండండి, కానీ మంచినీళ్ల కోసం ఆయన్నే లేవనివ్వండి. మళ్లీ ఎప్పుడైనా జ్వరం వచ్చినా, ఓపిక ఉన్నంతలో కంచం ముందు కుర్చీలో కూర్చుని తినడం, గంటకోసారి లేచి నిలబడటం మానవద్దు.

రెండోది, అందరూ మెచ్చుకున్న ఆ ఆరు కిలోలు. ఇక్కడ కాస్త ఆగాలి. ఏడాదిలో ఒంటి బరువులో దాదాపు పదో వంతు పోయింది. ఈ వయసులో ఇలా తగ్గితే పోయిందంతా కొవ్వే అనుకోకూడదు, వ్యాయామం లేకుండా తిండి తగ్గిస్తే కండా పోతుంది. పైగా అన్నం తగ్గించినందుకే ఇంత తగ్గిందా, లోపల వేరే కారణం ఉందా అన్నది డాక్టరు చూసి చెప్పాలి. షుగరు అదుపులో లేకపోయినా బరువు పడిపోతుంది, కండ కరుగుతుంది. కాబట్టి మొదటి పని మీ డాక్టరు గారి దగ్గరికి వెళ్లి ‘ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాను, పీట మీంచి లేవలేకపోతున్నాను’ అని ఇదే మాటల్లో చెప్పడం. మూడు నెలల షుగరు సగటు, థైరాయిడ్, డి విటమిన్, బి12, కిడ్నీల కోసం క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షల గురించి అడగండి. బి12 ముఖ్యం. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లకు అది తగ్గుతుంది, శాకాహారులకు ముందే తక్కువ ఉంటుంది. మీ ఉత్తరంలో రాసిన తిండిని బట్టి మీరు శాకాహారులనే అనుకుంటున్నాను. బి12 తగ్గితే కాళ్ల తిమ్మిర్లూ, తూలుడూ వస్తాయి, ఎన్ని వ్యాయామాలు చేసినా అది సర్దుకోదు. కొలెస్ట్రాల్ మాత్ర వేసుకుంటూ కండరాల నొప్పులు ఉంటే ఆ మాటా చెప్పండి, సొంతంగా మాత్ర మానవద్దు. ఒక కాలే బలహీనపడినా, ఉన్నట్టుండి సత్తువ పోయినా, మూత్రం పట్టు తప్పినా ఇది సార్కోపీనియా కథ కాదు, ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి.

ఇంట్లోనే మీరు చెయ్యగల పరీక్ష ఒకటి ఉంది. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వెయ్యండి. రెండు చేతులూ ఛాతీ మీద కత్తెరలా పెట్టుకోండి. అమ్మగారు ఫోనులో గడియారం నొక్కగానే పూర్తిగా లేచి నిలబడి, మళ్లీ కూర్చుని, వరుసగా ఐదుసార్లు వీలైనంత త్వరగా చెయ్యండి. ఆసియా దేశాల నిపుణుల బృందం 2019లో పెట్టిన కొలత ప్రకారం 12 సెకన్లు, లేదా అంతకంటే ఎక్కువ పడితే కండ సంగతి పట్టించుకోవాలి. దర్జీ టేపుతో పిక్క లావుగా ఉన్నచోట చుట్టుకొలత తీసుకోండి. మగవాళ్లకు 34 సెంటీమీటర్ల కంటే, ఆడవాళ్లకు 33 కంటే తక్కువైతే అదీ అనుమానించాల్సిందే. చేతులు ఉపయోగించకుండా ఒక్కసారి కూడా లేవలేకపోతే కంగారు పడవద్దు, కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచుకోండి. మీ మొదటి మెట్టు అదీ.

ఇక బరువుల సంగతి. అమ్మగారి భయం నాకు అర్థమవుతుంది, కానీ ఈ విషయంలో నేను మీ అమ్మాయి పక్షం. 1990లో బోస్టన్‌లో ఒక వృద్ధాశ్రమంలో మరియా ఫియాటరోన్ అనే డాక్టరు, 86 నుంచి 96 ఏళ్ల మధ్య ఉన్న పదిమందితో ఎనిమిది వారాలు తొడ కండరాలకు గట్టి బరువుల వ్యాయామం చేయించారు. ఒకరు మధ్యలో ఆగిపోయారు, తొమ్మిదిమంది పూర్తిచేశారు. వాళ్ల తొడల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభై ఏళ్లవాళ్లకు! నాలుగేళ్ల తర్వాత ఆవిడ బృందమే వందమందితో పది వారాలు చేసింది. వ్యాయామం చేసినవాళ్ల బలం రెట్టింపు దాటింది, మెట్లెక్కే సామర్థ్యం 28 శాతం పెరిగింది. అందులోనే కొంతమందికి వ్యాయామం లేకుండా ఉత్త పోషక పానీయం ఇచ్చి చూశారు. దానివల్ల బలం పెరగలేదు. మీ బీరువాలో ఉన్న డబ్బాకు జవాబు సగం అక్కడే వచ్చేసింది.

మీకు జిమ్ము అక్కర్లేదు. ఆ కుర్చీ చాలు. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక్కో రోజు విరామంతో చెయ్యండి. లేచేటప్పుడు గబుక్కున లేవండి, ఎవరో గుమ్మంలోంచి పిలిచినట్టు. కూర్చునేటప్పుడు మాత్రం మనసులో ఒకటీ రెండూ మూడూ లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా దిగండి. ఈ ‘గబుక్కున’ అన్న మాటే మొత్తం వైద్యం. నెమ్మదిగా లేస్తే బలం పెరుగుతుంది, వేగంగా లేవాలని ప్రయత్నిస్తే ఆ నిద్రపోతున్న వేగపు పోగులకు పిలుపు వెళుతుంది. నిజంగా వేగంగా లేచారా లేదా అన్నది తర్వాత, లేవాలన్న ప్రయత్నం గట్టిగా ఉండాలి. ఎనిమిదిసార్లు లేచి రెండు నిమిషాలు ఆగండి. అలా రెండు విడతలు, రెండు వారాలయ్యాక మూడు. పన్నెండుసార్లు తేలిగ్గా లేవగలిగిన రోజున, కిలో కందిపప్పు ప్యాకెట్టు గుడ్డసంచిలో వేసి ఛాతీకి హత్తుకుని లేవండి. తర్వాత రెండు కిలోలు. మరీ బరువు పెట్టుకుని నత్తలా లేవడం కంటే, ఓ మోస్తరు బరువుతో వేగంగా లేవడం మీకు మేలు.

దానితో పాటు వంటింటి గట్టు పట్టుకుని మడమలు గబుక్కున ఎత్తి నెమ్మదిగా దించడం. గోడకు చేతులు ఆనించి తోయడం. అరుగు మెట్టు మీదికి కమ్మీ పట్టుకుని ఒక కాలు వేసి ఒళ్లు పైకి లాగడం, కాలు మార్చి మళ్లీ. ఈ చివరిది మీ బస్సు మెట్టు కోసం. బస్సు మెట్టు మామూలు మెట్టు కంటే ఎత్తు, కాబట్టి అరుగు మెట్టు అలవాటయ్యాక దాని మీద గట్టి చెక్కపీట కదలకుండా వేసి ఎత్తు పెంచాలి. అప్పటిదాకా బస్సు పూర్తిగా ఆగాక, కండక్టరుకు వినబడేలా ‘ఆగండి, ఎక్కుతున్నా’ అనండి. మొహమాటపడవద్దు.

ఇక జాగ్రత్తలు. మొదటిది, ఊపిరి బిగబట్టకూడదు. లేస్తూ ఊపిరి వదలండి. పైకి అంకెలు లెక్కపెడితే ఊపిరి బిగుసుకోదు, క్లాసులో ఎక్కం చెప్పించినట్టు గట్టిగా లెక్కపెట్టండి. పన్నెండేళ్ల షుగరు కాబట్టి మొదలుపెట్టేముందు కంటి డాక్టరుకు ఒకసారి రెటీనా చూపించుకోండి. లోపల కొత్త రక్తనాళాలు పుట్టి ఉంటే ముక్కి బరువులెత్తడం ప్రమాదం. బీపీ ఎక్కువున్నా, గుండె జబ్బున్నా డాక్టరు సరేనన్నాకే. గ్లిమిపిరైడ్‌తో షుగరు మరీ పడిపోవచ్చు కాబట్టి పరగడుపున చెయ్యవద్దు. టిఫిన్ తిన్న గంటన్నర తర్వాత మంచి సమయం. చెమట పట్టి, చేతులు వణికితే ఆపి పంచదార నీళ్లు తాగండి. ఛాతీలో నొప్పి వస్తే ఆపేసి ఆస్పత్రికి. మర్నాడు తొడలు సలపడం మాత్రం మామూలే, రెండు రోజుల్లో పోతుంది. కీలు నొప్పి అలా కాదు, అది వస్తే కుర్చీ ఎత్తు పెంచి, సంఖ్య తగ్గించండి.

నేల మీంచి లేవడం విడిగా నేర్చుకోవాలి. మంచం పక్కన చాప వేసి, అమ్మగారు ఉన్నప్పుడు చెయ్యండి. బాసిపట్టులోంచి నేరుగా లేవాలని చూడకండి, మీరు వ్రతంలో చేసిన పొరపాటు అదే అయ్యుంటుంది. ముందు ఒక పక్కకు ఒరిగి, చేతులూ మోకాళ్ల మీదికి రండి. రెండు చేతులూ మంచం పట్టె మీద వెయ్యండి. గట్టి కాలి పాదాన్ని ముందుకు తెచ్చి నేల మీద ఆనించండి. అప్పుడు చేతులతో తోసి, ఆ కాలితో లేవండి. మోకాలి కింద తలగడ వేసుకోవచ్చు. నాలుగైదు వారాల తర్వాత మంచం బదులు ఒక చెయ్యి సొంత మోకాలి మీదే ఆనించి ప్రయత్నించండి.

తిండికొస్తే, మీరు రాసిందాన్ని లెక్కవేశాను. పొద్దున రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, కూర, పప్పుచారు, మజ్జిగ, రాత్రి రెండు పుల్కాలు. అన్నీ కలిపి మాంసకృత్తులు 30 గ్రాములు దాటడం కష్టం. వయసు పైబడినవాళ్లకు కిలో బరువుకు రోజుకి 1 నుంచి 1.2 గ్రాములు కావాలని నిపుణుల సలహా. అంటే మీకు 58 నుంచి 70. మీరు అన్నంతో పాటు పప్పూ తగ్గించేశారు, నష్టం అక్కడ జరిగింది. పైగా ముసలి కండకు చెవుడు లాంటిది ఉంటుంది. కొంచెం కొంచెం మాంసకృత్తులు వేస్తే దానికి వినబడదు, ఒక్కో పూటా 20 గ్రాములకు పైగా పడితే కదులుతుంది. ఇడ్లీకి బదులు వారంలో నాలుగు రోజులు రెండు పెసరట్లు, గ్లాసు పాలు. మధ్యాహ్నం చారులా కాకుండా ముద్దపప్పు, దాని తర్వాత మజ్జిగ బదులు కప్పున్నర గడ్డపెరుగు. సాయంత్రం గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనగలో, శనగ గుగ్గిళ్లో. రాత్రి పుల్కాలోకి మీల్ మేకర్ కూర. 25 గ్రాముల మీల్ మేకర్‌లోనే 13 గ్రాములు ఉంటాయి, దానికి సాటి వచ్చేది శాకాహారంలో నాకు తెలిసి మరొకటి లేదు. ఇలా తింటే 65 దాకా వస్తుంది, షుగరూ పెద్దగా పెరగదు.

పౌడరుతో కిడ్నీలు పోతాయా అంటే, కిడ్నీలు బాగున్నవాళ్లకు ఈ మోతాదు మాంసకృత్తులతో చెడిపోవు. ముందే దెబ్బతిని ఉంటే లెక్క మారుతుంది, అప్పుడు డాక్టరు చెప్పినంతే తినాలి. అందుకే క్రియాటినిన్, ఆల్బుమిన్ పరీక్షలు ముందు చేయించమన్నాను. అవి బాగుంటే, పప్పూ పెరుగూ తినలేని రోజున ఒక చెంచా పాలల్లో కలుపుకోండి. డబ్బా మీద పంచదార ఎంతుందో చూసుకోండి. కుర్చీ మీంచి లేవని రోజున మాత్రం ఆ డబ్బా తెరిచి ప్రయోజనం లేదు.

కాలవ గట్టు నడక మానవద్దు. గుండెకీ, షుగరుకీ, మనసుకీ అది కావాలి. వారంలో మూడు రోజులు కిలోమీటరు తగ్గించి ఆ సమయం కుర్చీకి ఇవ్వండి. మధ్యలో దీపస్తంభం నుంచి దీపస్తంభం దాకా ఒకసారి అడుగు వేగం పెంచి చూడండి.

మొదటి రెండు మూడు వారాల్లోనే లేవడం తేలికవుతుంది. అప్పటికి కండ పెరగదు, నరాలు మళ్లీ పని నేర్చుకుంటాయంతే. కండ రావడానికి రెండు మూడు నెలలు కావాలి. వ్రతం దగ్గర జరిగినదానికి సిగ్గుపడకండి మాస్టారూ. ఆ రోజు మిమ్మల్ని లేపిన మీ బావమరిదిని కూడా ఒకసారి ఆ కుర్చీ మీద కూర్చోబెట్టి ఐదుసార్లు లేవమనండి. అమ్మగారిని తప్పకుండా లేవమనండి, ఆడవాళ్లకు మొదటినుంచీ ఉండే కండే తక్కువ. ఇవాళ ఎన్ని సెకన్లు పట్టిందో క్యాలెండరు మీద తేదీ పక్కనే రాసిపెట్టండి. ఎనిమిది వారాలయ్యాక అదే కుర్చీ మీద మళ్లీ లేచి, ఆ రెండు అంకెలూ నాకు ఉత్తరం రాయండి.